ఎస్‌బీఎస్ 2003లో యూజర్ లైసెన్సులు ముట్టుకునే ముందు జాగ్రత్తలు

ఎస్‌బీఎస్ అంటే చిన్న ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చిన 'విండోస్ స్మాల్ బిజినెస్ సర్వర్'. దాన్ని వాడే ఒక్కో మనిషికో, ఒక్కో కంప్యూటర్‌కో ఒక లైసెన్సు ఉండాలి. ముందుగా ఆ లైసెన్సుల బ్యాకప్. మిగతా ఏది వదిలేసినా ఇది మాత్రం వదలకండి. సర్వర్ మేనేజ్‌మెంట్ తెరిచి, లైసెన్సింగ్‌లోకి వెళ్తే 'బ్యాకప్ లైసెన్సెస్' విజార్డ్ ఉంటుంది. ఆ కాపీని అదే సర్వర్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లోనో వేరే మెషీన్‌లోనో పెట్టండి. లైసెన్సుల లెక్కంతా సిస్టమ్32 ఫోల్డర్‌లోని 'లిక్‌ఎస్‌టీఆర్ డాట్ సీపీఏ' అనే ఒక్క ఫైల్‌లోనే ఉంటుంది. అది పాడైతే, డబ్బు పెట్టి కొన్న లైసెన్సులు కూడా సర్వర్‌కు కనిపించవు. పక్కనే 'ఆటోలిక్‌ఎస్‌టీఆర్' అనే ఆటోమేటిక్ కాపీ ఉంటుంది కానీ, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ఆ ఫైల్‌ను మార్చాల్సి వస్తే ముందు లైసెన్సుల లెక్క చూసే 'లైసెన్స్ లాగింగ్' సర్వీస్ ఆపండి. పాత ఫైల్‌ను డిలీట్ చేయకుండా పేరు మార్చి ఉంచండి.

లెక్క చూసుకోండి: సర్వర్‌తో వచ్చే లైసెన్సులు 5, గరిష్ఠంగా 75. మామూలు విండోస్ సర్వర్ లైసెన్సులు ఇక్కడ చెల్లవు, ఎస్‌బీఎస్‌వే కావాలి. ఒకే కంప్యూటర్‌ను షిఫ్టులవారీగా పలువురు వాడుతుంటే డివైస్ లైసెన్సు, ఒకే మనిషి రెండు మూడు మెషీన్లు వాడుతుంటే యూజర్ లైసెన్సు నయం.

కొన్నప్పటి కాగితాలు, కోడ్‌లు చేతిలో పెట్టుకోండి.

ఎస్‌బీఎస్ 2003కు ఆధారమైన విండోస్ సర్వర్ 2003కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2015 జులై 14తో ముగిసింది. అందుకే లైసెన్సుల యాక్టివేషన్ సాఫీగా జరుగుతుందన్న భరోసాతో పని మొదలుపెట్టకండి. ఆఫీసులో ఎవరూ లాగిన్ అయి లేని వేళ చూసుకోండి.

ఎస్‌బీఎస్ 2008 వాళ్లకు ఈ ఫైల్ బెడద లేదు. అక్కడ లైసెన్సుల లెక్క సర్వర్ చూడదు, కాగితం మీదే.