ఘాట్ రోడ్డులో ఆయిల్ దీపం వెలిగితే
సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వచ్చే చిన్న కార్లలో, మలుపు తిరిగినప్పుడు డాష్‌బోర్డు మీది ఎర్రని ఆయిల్ హెచ్చరిక దీపం క్షణంపాటు వెలిగి ఆరిపోతే, ఇంజన్ ఆయిల్ తగ్గి, ఉన్నది ఒక పక్కకు ఒరిగి పంపుకు అందడం లేదని ముందుగా అనుమానించాలి. వెంటనే చదునైన చోట బండి ఆపి, ఇంజన్ కట్టేసి, 10 నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం చూసే కడ్డీని) తుడిచి మళ్ళీ ముంచి చూడండి. మట్టం సరిగానే ఉండి, వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో (బండి ఆగి, ఇంజన్ మాత్రం నెమ్మదిగా తిరుగుతూ) ఉన్నప్పుడు మాత్రమే దీపం మినుకుమంటే, ఆయిల్ పలచబడిందో, పంపు అరిగిందో, లేక ఆయిల్ పీడనం తగ్గితే దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్ చెడిందో తేల్చుకోవడానికి, మెకానిక్ చేత ఆ స్విచ్ విప్పించి, దాని స్థానంలో గేజి బిగించి పీడనం కొలిపించడమే నమ్మదగిన మార్గం. కొలవకుండా స్విచ్ ఒక్కటే మార్చడానికి దయచేసి ఒప్పుకోకండి. దీపం ఆరకుండా వెలుగుతూంటే, ఊరు ఎంత దగ్గరలో ఉన్నా బండి నడపవద్దు, కట్టి లాగించుకోండి.