ట్రాక్ మీద మెత్తబడ్డ బ్రేక్ పెడల్: నా అనుభవం

కాలిఫోర్నియాలోని లగూనా సెకా రేస్ ట్రాక్‌లో కొన్ని ల్యాపులు తిరిగేసరికి నా పాత మియాటా (మాజ్డా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) బ్రేక్ పెడల్ మెత్తబడింది. రెండో మలుపు దగ్గర కాలు లోపలికి దిగిపోతోంది, వేగం మాత్రం తగ్గట్లేదు.

బ్రేక్ ప్యాడ్లు బాగానే ఉన్నాయి. బ్లీడర్ (బ్రేక్ ఫ్లూయిడ్‌ని బయటికి వదిలే స్క్రూ) వదులు చేస్తే డికాషన్ రంగు ఫ్లూయిడ్, దాంతోపాటు బుడగలు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరగడానికి కనీసం 230 డిగ్రీలు కావాలి. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే వచ్చే ఆవిరి నొక్కుకుపోతుంది, ఒత్తిడి చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే కాలిపర్ దాకా చేరదు.

పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి పాతదంతా తీసేసి కొత్తది ఎక్కించాను. మధ్యలో ఫ్లూయిడ్ నింపే రిజర్వాయర్ ఖాళీ అవ్వకూడదు, గాలి దూరితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు పెడల్ చివరి ల్యాప్ దాకా గట్టిగానే ఉంటోంది. పవర్ పెంచే సామాన్ల కంటే ముందు డబ్బు ఇక్కడే పెట్టండి. నేనైతే ఇక కారు ముందు చక్రాలకు బ్రేకులను చల్లబరిచే గాలి డక్టులు బిగించబోతున్నాను.