తాతయ్య పారాచ్యూట్ దళంలో చేశారంటారు, రికార్డుల్లో పేరు లేదు: సమస్య - పరిష్కారం

రెండో ప్రపంచ యుద్ధంలో తాతయ్యో ముత్తాతో పారాచ్యూట్ దళంలో పనిచేశారని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. తీరా ఆధారం కోసం వెతికితే ఎక్కడా పేరు దొరకదు. ఇలాంటివి చాలా కుటుంబాలకు చూసిపెట్టాను. ప్రతిసారీ బాధ కలిగించేది ఒకటే. పెట్టెలో ఉన్న కాగితాన్ని చివరిదాకా ఎవరూ చదవరు. నెట్‌లో పేరు కొడతారు, రాకపోతే "తాతయ్య ఊరికే చెప్పి ఉంటారులే" అనేస్తారు. దయచేసి ఆ మాట అనకండి. ముందు ఇవి చూడండి.

సమస్య: సర్వీసు నంబరే తెలియదు

కారణం: పేరుతో వెతుకుతున్నారు. సైన్యంలో మనిషిని గుర్తుపట్టేది నంబరుతోనే. అప్పటి గుమాస్తాలు మన పేర్లను చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, లేదా అదే అసలు పేరై కూర్చుంటుంది.

పరిష్కారం: మొదట డిశ్చార్జ్ పుస్తకం, అంటే సైన్యం నుంచి పంపేటప్పుడు ఇచ్చిన సర్వీసు పుస్తకం, వెతకండి. అమ్మమ్మో నాయనమ్మో ఫ్యామిలీ పెన్షన్ తీసుకుని ఉంటే పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) చూడండి. అందులో నంబరు, ర్యాంకు, రికార్డు ఆఫీసు ఉంటాయి. యుద్ధంకోసం మాత్రమే చేర్చుకుని తర్వాత పంపేసినవాళ్ళలో చాలామందికి పెన్షన్ లేదు. అలాంటివాళ్ళకూ, వాళ్ళ భార్యలకూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వస్తుంది. ఆ సాయం ఎప్పుడైనా అందుకుని ఉంటే, దరఖాస్తుతో పెట్టిన డిశ్చార్జ్ కాగితం నకలు ఆ ఫైల్లో ఉండే అవకాశం ఉంది. వెళ్ళి అడగండి.

పతకాలుంటే వాటి అంచు చూడండి. 1947 స్వాతంత్ర్య పతకం అంచున నంబరు, ర్యాంకు, పేరు, దళం సన్నటి అక్షరాల్లో ఉంటాయి. పతకాన్ని చింతపండుతో మాత్రం తోమకండి, ఉన్న అక్షరాలు అరిగిపోతాయి. చీకటి గదిలో ఫోన్ టార్చి పక్కనుంచి పడేలా పట్టుకుని, పతకాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో అక్షరం రాసుకోండి. మూడు, ఎనిమిది ఒకేలా కనిపిస్తాయి. రెండోసారి తిప్పి సరిచూసుకోండి.

సమస్య: నంబరు ఉంది, కానీ పారాచ్యూట్ రెజిమెంట్ రికార్డుల్లో "ఈ పేరు లేదు" అని జవాబొచ్చింది

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ దాదాపు రెండేళ్ళు ఇక్కడే ఆగిపోయాను.

మా అమ్మ నాన్నగారి ఫొటో ఒకటి ఉంది. భుజం మీద రెక్కల గుర్రం గుర్తు, ఛాతీ మీద పారాచ్యూట్ రెక్కలు. ఆ ఫొటో నకలు జతచేసి ఉత్తరం రాశాను, లేదని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ లేదన్నారు. ఆ జవాబు నిజమే. నేను అడిగిన చోటే తప్పు. డిశ్చార్జ్ పుస్తకం మొదటి పేజీలో "కోర్" అన్నచోట "ఐ.ఎ.ఎం.సి." అని ఉంది, అంటే ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్. కోర్ అంటే సైన్యంలో ఒక్కో రకం పనికి ఉండే విభాగం. లోపలి పేజీలో పెన్సిలుతో "80 పారా ఫీల్డ్ అంబులెన్స్" అని రాసి ఉంది. అంబులెన్స్ అంటే బండి అనుకుని, తాతయ్య డ్రైవరేమో అని ఆ పేజీ దాటేశాను. ఫీల్డ్ అంబులెన్స్ అంటే యుద్ధభూమి వెనకే నడిచే వైద్య దళం.

అసలు విషయం ఇది. 1941 అక్టోబరులో ఢిల్లీలో 50వ భారత పారాచ్యూట్ బ్రిగేడ్ మొదలైంది. అందులో 152వ భారత బెటాలియన్, 153వ గూర్ఖా బెటాలియన్ లాంటి కాల్బలం ఒక భాగం మాత్రమే. వాళ్ళతోపాటు 411వ రాయల్ బాంబే సాపర్ల విభాగం (సాపర్లంటే సైనిక ఇంజనీర్లు), సిగ్నల్స్‌వాళ్ళు (వైర్‌లెస్ సందేశాలు చూసేవాళ్ళు), 80వ ఫీల్డ్ అంబులెన్స్ ఉండేవి. 1944లో 44వ ఎయిర్‌బోర్న్ డివిజన్ ఏర్పడ్డాక ఇలాంటి దళాలు ఇంకా పెరిగాయి. డాక్టరైనా, వైర్‌లెస్ మనిషైనా, వంతెనలు కట్టేవాడైనా అందరి భుజం మీదా అదే గుర్రం గుర్తు. కాబట్టి ఫొటో చూసి ఏ విభాగమో చెప్పలేం.

మనిషి చేరింది మెడికల్ కోర్‌లో. నంబరు ఇచ్చింది ఆ కోర్. మధ్యలో తనంతట ముందుకొచ్చి పారాచ్యూట్ శిక్షణకి వెళ్ళాడు, యుద్ధం అయ్యాక తిరిగి సొంత కోర్‌కే వచ్చాడు. ఆయన కాగితాలన్నీ ఆ కోర్ దగ్గరే మిగిలాయి. కాల్బలం సంగతీ సులువు కాదు. 1945 మార్చి 1న ఇండియన్ పారాచ్యూట్ రెజిమెంట్ అని ఒకటి పెట్టారు, 1946 చివరికల్లా రద్దు చేశారు. ఇప్పటి పారాచ్యూట్ రెజిమెంట్ 1952 ఏప్రిల్ 15న ఏర్పడింది. 1944లో పనిచేసిన మనిషి కోసం 1952లో పుట్టిన రెజిమెంటుని అడుగుతున్నాం.

మన జిల్లాలనుంచి వెళ్ళినవాళ్ళలో నేను చూసినంతవరకు ఎక్కువమంది సాపర్లు, మెడికల్, సిగ్నల్స్, సర్వీస్ కోర్ (సరుకులు, రవాణా చూసే విభాగం) మనుషులే. అందుకే ఈ పొరపాటు మన ఇళ్ళలో ఇంత ఎక్కువ.

పరిష్కారం: ఏ దళంలో పనిచేశారన్నది పక్కనపెట్టి, ఏ కోర్‌లో చేరారో చూసి అక్కడికి రాయండి. మెడికల్ అయితే లక్నో, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. మద్రాస్ సాపర్లకి బెంగళూరు, బాంబే సాపర్లకి పుణె దగ్గరి కిర్కీ, బెంగాల్ సాపర్లకి రూర్కీ. పాత సర్వీస్ కోర్ దక్షిణాది రికార్డులకి బెంగళూరు. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఉత్తరంలో నంబరు, చేరిన తేదీ, తండ్రి పేరు, అప్పటి ఊరు, జిల్లా పేర్లు రాయండి. కాకినాడని కోకనాడ అనీ, విజయవాడని బెజవాడ అనీ, ఏలూరుని ఎల్లోర్ అనీ రాసుకుని ఉంటారు. మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వానికి రుజువు జతచేయండి.

కాగితం మీద "19వ హైదరాబాద్ రెజిమెంట్" అని కనిపిస్తే తెలంగాణవాళ్ళు మన ఊరి దళమే అనుకుంటారు. ఆ రెజిమెంటుకి 1945లో కుమావూన్ అని పేరు మారింది. రికార్డులు రాణీఖేత్‌లో ఉంటాయి.

సమస్య: సరైన ఆఫీసే, కానీ "కాగితాలు నాశనం చేశాం" అంటున్నారు

కారణం: పెన్షన్ లేనివాళ్ళ సర్వీసు కాగితాలను నిర్ణీత కాలం తర్వాత తీసేస్తారు. అంతటితో వదిలేయకండి. లాంగ్ రోల్ అనే పెద్ద పుస్తకం వేరుగా ఉంటుంది. అందులో ఒక్కో మనిషికి ఒక్కో వరస, చేరిన తేదీ, వెళ్ళిన తేదీతో సహా. "లాంగ్ రోల్ నకలు ఇప్పించండి" అని ఆ మాటే వాడి రాయండి. సర్వీసు వివరాలు కావాలని మామూలుగా రాస్తే మళ్ళీ అదే జవాబు వస్తుంది.

సమస్య: రికార్డు దొరికింది, కానీ తాతయ్య చెప్పిన కథతో కలవడం లేదు

"బర్మాలో శత్రువుల మీదికి దూకారు" అని ఇంట్లో చెబుతారు. భారత పారాచ్యూట్ దళం ఆ యుద్ధంలో బెటాలియన్ స్థాయిలో, అంటే వందలమంది కలిసి, దూకింది ఒక్కసారే. 1945 మే 1న రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో, అదీ ప్రధానంగా గూర్ఖాలు. 1944 మార్చిలో మణిపూర్‌లోని సాంగ్షాక్ దగ్గర ఇదే బ్రిగేడ్ జపాన్ సైన్యాన్ని రోజుల తరబడి ఆపింది. ఆ పోరాటం పూర్తిగా నేల మీదే జరిగింది, అక్కడికి ఎవరూ దూకలేదు. తాతయ్య దూకడం రావల్పిండి దగ్గరి చక్లాలాలో శిక్షణప్పుడు జరిగి ఉండొచ్చు, బర్మా యుద్ధం వేరే చోట చేసి ఉండొచ్చు. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేసరికి రెండూ ఒకటైపోతాయి.

ఇంకొకటి అడగండి: గోనెపట్టా గొడుగుల గురించి ఎప్పుడైనా చెప్పారా? పట్టు దొరక్క, బర్మాలో సైన్యానికి సరుకులు జారవిడవడానికి కలకత్తా మిల్లుల్లో జనపనారతో పారాచ్యూట్లు చేయించారు. ఆ మాట వినిపిస్తే ఆయన డకోటా విమానాల్లోంచి బియ్యం, తూటాలు కిందికి తోసిన సర్వీస్ కోర్ మనిషి అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పనీ తక్కువది కాదు. కొండల్లో చుట్టుముట్టిన సైన్యానికి తిండి పంపింది వాళ్ళే.

సమస్య: యుద్ధంలోనే చనిపోయారు, సమాధి తెలియదు

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో నంబరుతో వెతకండి. నంబరు లేకపోతే తండ్రి పేరు, ఊరి పేరు పాత స్పెల్లింగుతో. బర్మా పోరులో చనిపోయి దేహం దొరకనివాళ్ళ పేర్లు బర్మాలోని తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. అక్కడ దాదాపు 27,000 పేర్లున్నాయి.

మిగిలినవి, అరుదుగా

నిజాం సొంత సైన్యంలో ఉండి యుద్ధానికి వెళ్ళినవాళ్ళ కాగితాలు వేరే, భారత సైన్యం కోర్ ఆఫీసుల్లో వెతకొద్దు. ఆఫీసర్ అయితే నంబరు ముందు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, స్వాతంత్ర్యానికి ముందు కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో చూడాలి. దళం రోజువారీ డైరీలు కావాలంటే లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 (బ్రిటిష్ వార్ ఆఫీస్ ఫైళ్ళు) వరస చూడండి. "కొరియాలో దూకారు" అంటే అది వేరే యుద్ధం, 60వ పారాచ్యూట్ ఫీల్డ్ అంబులెన్స్. 1951 మార్చిలో మున్సాన్-నిలో అమెరికా దళంతో దూకిన చిన్న బృందం వాళ్ళది. వాళ్ళకీ లక్నోకే రాయండి.