కారు ఎత్తు దించాక యాక్సిలరేటర్ తొక్కితే వణుకుతోందా? ముందు జాకీ దించి చూడండి

పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే నల్లగొండలో మా షెడ్డు ముందు ఒకే రకం బండ్లు వరస కడతాయి. స్ప్రింగులు మార్చో, ఉన్నవాటినే కోసో కారును నేలకు దించుకున్న కుర్రాళ్ల బండ్లు. అందరిదీ ఒకటే పాట: "అన్నా, షాఫ్ట్ కొత్తది ఏసినం, బ్యాలెన్సింగ్ చేయించినం, వణుకుడు పోతలేదు." షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ. బండి బరువు చక్రాల మీద ఉండగా కింద దూరి ఎవరన్నా చూశారా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

జాకీ వేయడం, చక్రం విప్పడం, షాఫ్ట్ బయటికి లాగడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. ముందు చక్రాలు లాగే కార్ల గురించే చెబుతాను. వెనక స్ప్రింగులకు బదులు ఇనుప కమాన్ పట్టీలుండే బండ్లకు చివర్లో నాలుగు ముక్కలు.

లక్షణం ఏది?

స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలితే టకటకమంటోందా? షాఫ్ట్‌కు చక్రం వైపు ఉండే జాయింట్ పోయింది. రిమ్ము లోపలి అంచు మీద నల్లగా గ్రీజు చిమ్మి ఉంటుంది, జాయింట్ మీది రబ్బరు తొడుగు, అదే బూటు, చిరిగి ఉంటుంది. మట్టి చేరిన జాయింట్‌కు కొత్త గ్రీజు పెట్టి లాభం లేదు, మార్చేయండి.

కాలు తీసినా, న్యూట్రల్ చేసినా వణుకు అలాగే ఉంటే అది చక్రాల సంగతి. బ్యాలెన్సింగ్, వంగిన రిమ్ము, ఉబ్బిన టైరు చూసుకోండి. ఒక పక్కకు తిప్పినప్పుడు మోత పెరిగి, ఇంకో పక్కకు తిప్పితే తగ్గితే వీల్ బేరింగ్.

తొక్కితే వణికి, కాలు తీయగానే మాయమైతే మాత్రం ఇక్కడ ఆగండి. ఎక్కువగా 40 నుంచి 80 వేగం మధ్య, బరువు లాగేటప్పుడు వస్తుంది. స్టీరింగ్ చేతిలో అదరడం కన్నా, బండి ముక్కు అటూ ఇటూ ఊగినట్టు సీట్లోకి తెలుస్తుంది.

గేర్‌బాక్స్ వైపు జాయింట్

చాలా చిన్న కార్లలో గేర్‌బాక్స్ పక్కన ఒక కప్పు, దానిలో మూడు రోలర్లున్న స్పైడర్ ఉంటాయి. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఆ రోలర్లు కప్పులో లోపలికీ బయటికీ జారాలి. షాఫ్ట్ దాదాపు తిన్నగా ఉంటే హాయిగా జారతాయి. కోణం పెరిగేకొద్దీ జారడం మానేసి రాపిడి పెడతాయి. అప్పుడు షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేలోపు గేర్‌బాక్స్‌ను మూడుసార్లు పక్కకు నెడుతుంది. మీ సీట్లోకి వచ్చే ఊపు అదే.

ఇందులో పొట్టి షాఫ్ట్‌కే దెబ్బ ఎక్కువ. బండిని 40 మిల్లీమీటర్లు దించితే 35 సెంటీమీటర్ల షాఫ్ట్‌కు కోణం దాదాపు 6.5 డిగ్రీలు మారుతుంది. 65 సెంటీమీటర్ల దానికి 3.5 డిగ్రీలే. అందుకే ఒకే పక్క షాఫ్ట్ మళ్లీ మళ్లీ పోతుంటే అది పొట్టిదేమో చూడండి.

ఇక జాకీ సంగతి. బండిని ఎత్తగానే చక్రాలు వేలాడతాయి, షాఫ్ట్ కోణమే మారిపోతుంది. ఆ స్థితిలో టార్చ్ వేసి చూసి "షాఫ్ట్ మంచిగనే ఉంది" అనేస్తారు. రోడ్డు మీద అది అలా ఉండదు. వాటర్ సర్వీసింగ్ చేసే చోట బండి ఎక్కించే ర్యాంపు ఉంటుంది కదా, అది చాలు. చక్రాల మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, అప్పుడు కిందికి వెళ్లండి.

నేను దెబ్బతిన్న చోటు

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు బండి తెచ్చాడు. 40 దించిన హ్యాచ్‌బ్యాక్, తొక్కితే వణుకు. పొట్టి షాఫ్ట్ కొత్తది వేశాను. నార్కట్‌పల్లి రోడ్డు మీద నేనొక్కణ్నే ట్రయల్ కొట్టాను. 80 దాకా నూనె మీద జారినట్టు పోయింది. డబ్బులు తీసుకుని పంపించాను.

మూడో రోజు ఫోన్. "అన్నా, శ్రీశైలం డ్యామ్ కాడికెళ్లి ఈగలపెంట ఎక్కుతున్నం. బండి ఊగిపోతుంది, మా అమ్మ దిగి నడుస్తనంటుంది." కారులో ఐదుగురు. షాఫ్ట్ నాసిరకమని సర్దిచెప్పుకుని, నా జేబులోంచి రెండోది వేశాను. వారం తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది.

అప్పటికిగానీ ర్యాంపు ఎక్కించలేదు. తమ్ముణ్ని, వాళ్ల బావను ముందు సీట్లలో కూర్చోబెట్టి కిందికి వెళ్లాను. షాఫ్ట్ కళ్లకు కనబడేంత ఏటవాలుగా ఉంది. కానీ దించింది 40 అయితే అంత వాలు రాకూడదు. టార్చ్ పక్కకు తిప్పితే గేర్‌బాక్స్ వైపు ఫౌండేషన్, అంటే దాన్ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, కనిపించింది. రబ్బరు నుజ్జయి, ఇనుము ఇనుము మీద కూర్చుని ఉంది. గేర్‌బాక్స్ 15 మిల్లీమీటర్లు కిందికి కుంగింది. దించినప్పుడు చక్రం బాడీలోకి పైకి పోయింది, గేర్‌బాక్స్ కిందికి దిగింది. రెండూ కలిస్తే 55. పొట్టి షాఫ్ట్‌కు అది దాదాపు 9 డిగ్రీలు. కొత్త రోలర్లు నునుపుగా ఉన్నన్నాళ్లు ఓర్చుకున్నాయి. ఐదుగురు ఎక్కి ఘాట్‌లో గట్టిగా తొక్కేసరికి బయటపడింది.

పాత షాఫ్టులు అప్పటికే పారేయబోయాను, తీసి కప్పులు తుడిచి చూశాను. రోలర్లు తిరిగిన గీతలు కప్పు మధ్యలో ఉండాలి, ఇవి లోపలి అంచున ఉన్నాయి. ఒకదాని అడుగున రూపాయి బిళ్లంత మెరుపు మచ్చ. అంటే గుంతల్లో షాఫ్ట్ కొస కప్పు అడుక్కి కొడుతోంది. ఆ దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌కు పోతుంది. మొదటి షాఫ్ట్ తీసిన రోజే ఆ కప్పు తుడిచి ఉంటే రెండో షాఫ్ట్ డబ్బులు నాకు మిగిలేవి.

కాబట్టి షాఫ్ట్ కొనేముందు ఫౌండేషన్లు చూడండి. బానెట్ ఎత్తి, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, బ్రేక్ గట్టిగా తొక్కించి, ఒకసారి ఫస్ట్‌లో, ఒకసారి రివర్స్‌లో క్లచ్ కొంచెం వదలమనండి. మీరు పక్కన నిలబడి చూడండి. ఇంజిన్ కొంచెం కదలడం మామూలే. ఎగిరిపడి ధన్‌మంటే రబ్బరు పోయినట్టే. లోపల ద్రవం ఉండే ఫౌండేషన్ అయితే కింద తడి మరక ఉంటుంది. ఇంజిన్ ఊగకుండా కింద పట్టి ఉంచే టార్క్ రాడ్డు బుష్ (రబ్బరు) కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

ఏం చేయాలి

ముందు ఫౌండేషన్లు మార్చండి. ఆ తర్వాతే కోణం చూడండి. ఇంకా ఎక్కువగా ఉంటే బండిని 15, 20 మిల్లీమీటర్లు పైకి తేవాల్సిందే. దీనికి కుర్రాళ్లు ఒప్పుకోరు, నాతో గంటసేపు వాదిస్తారు. వాదించినంత మాత్రాన కోణం తగ్గదు. స్ప్రింగులు కోసి ఉంటే పైకి తేవడం కుదరదు, కొత్తవి వేయండి. బండి దించేటప్పుడు బంప్ రబ్బరు కోసేశారేమో చూడండి. అది లేకపోతే చక్రం హద్దు దాటి పైకి పోయి, షాఫ్ట్ కప్పు అడుక్కి కొడుతుంది.

కప్పులో గీతలు పడి ఉంటే కప్పూ స్పైడరూ సెట్‌గా మార్చండి. కిట్‌తో వచ్చిన గ్రీజు ప్యాకెట్టే మొత్తం వాడండి, డబ్బాలో ఉన్న బేరింగ్ గ్రీజు కాదు. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాక బిగించండి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. గేర్‌బాక్స్ పక్క సీల్ దగ్గర ఆయిల్ తడి ఉందేమో చూసి, చివర్లో అలైన్‌మెంట్ చేయించండి.

షాఫ్ట్ వంగడం, హబ్ వంకర పోవడం అరుదు. గుంతలో పడి గట్టి దెబ్బ తగిలిన బండి అయితేనే వాటి జోలికి వెళ్లండి.

కమాన్ పట్టీల బండిలో పట్టీ ఒకటి తీసేసి వెనక దించాక, ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు దడదడమంటే వెనక ఇరుసు హౌసింగ్ మూతి, అంటే పొడుగు షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పైకి లేస్తోందని అర్థం. పట్టీ తిరిగి వేయండి. ఆ తర్వాతా ఉంటే ఆ షాఫ్ట్ క్రాసులు (మడత జాయింట్లు), సెంటర్ బేరింగ్ రబ్బరు చూడండి.

పని అయ్యాక ఒక్కరే ట్రయల్‌కు వెళ్లకండి. మా షెడ్డు మూలన రెండు ఇసుక బస్తాలు ఉంటాయి. దించిన బండి వస్తే ఒకటి నా పక్క సీట్లో, ఒకటి వెనక సీట్లో కూర్చుంటాయి. వాటికి సీట్ బెల్ట్ కూడా పెడతాను.