కుటుంబ ప్రార్థన పిల్లలకు అలవాటు కావాలంటే

ఆదివారం సండే స్కూల్‌కు పంపితే పని అయిపోయిందనుకునే ఇండ్లు మన నల్లగొండ, పాలమూరు క్రైస్తవ సంఘాల్లో చాలానే ఉన్నాయి. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 6:7 మాత్రం ఈ బాధ్యతను ఇంటికే అప్పజెప్పింది: ఇంట్లో కూర్చున్నప్పుడు, తోవలో నడిచేటప్పుడు, పండుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమంది.

మొదట సమయం కుదుర్చుకోండి. పత్తి ఏరే రోజుల్లో తల్లి ఇల్లు చేరేసరికే చీకటి పడుతుంది. తిన్నాక కూర్చుందామంటే పిల్లలు కునికిపాట్లు పడతారు. అందుకే పొయ్యి మీద అన్నం ఉడికేలోపే కూర్చోండి. పది నిమిషాలు చాలు. పాట పల్లవి, ఒక్క చరణం. తర్వాత వాక్యం, దాని మీద మాటలు, చివర ప్రార్థన. టీవీ ఆపేయండి. బైబిలు పుస్తకంలోనే చదవండి. ఫోన్‌లో చదువుతుంటే మధ్యలో ఒక్క మెసేజ్ వచ్చినా పిల్లల కళ్లు అటే పోతాయి.

చదవడం మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, ఎక్కువ భాగం జరిగిన సంగతులే. రోజుకు పది పన్నెండు వచనాలు చదివితే రెండు నెలలు దాటాక పూర్తవుతుంది. ఉదాహరణకు మార్కు 2:1-12 తీసుకోండి. చదివాక బైబిలు మూసి, పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చిన సంగతి మీ ఇంటి మాటల్లో మళ్లీ చెప్పండి. ఆ తర్వాత అడగండి: వాకిట్లో జనం కిక్కిరిసి ఉంటే వాళ్లేం చేశారు? కప్పు విప్పుతుంటే లోపల కూర్చున్నవాళ్ల మీద ఏం పడి ఉంటుంది? యేసు మొదట కాళ్లు బాగుచేశాడా, పాపం క్షమించాడా? చివరి ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు చదవడం కష్టమైతే వాళ్లతో ఒక్క వచనం చదివించి మిగతాది మీరు చదవండి. తప్పు చదివిన ప్రతిసారీ ఆపి దిద్దితే అది ట్యూషన్ అయిపోతుంది.

కంఠతకు మొదట 117వ కీర్తన, అందులో రెండే వచనాలు. తర్వాత 23వ కీర్తన, వారానికి ఒక వచనం చొప్పున ఆరు వారాలు. శనివారం పాతవన్నీ ఒకసారి చెప్పించండి. చెప్పినప్పుడల్లా చాక్లెట్ ఇస్తే, చాక్లెట్ ఆగిన రోజు వచనమూ ఆగుతుంది.

పిల్లలు పాస్టరుగారి ప్రార్థనను మక్కికి మక్కి ఒప్పజెబుతుంటారు. అలా కాకుండా మూడే అడగండి: ఈ రోజు దేనికి స్తోత్రం, దేనికి క్షమాపణ, ఎవరి కోసం ప్రార్థన? నాలుగైదేళ్ల పిల్లలకు ఒక్క వాక్యం చాలు. ప్రార్థన మనవులను తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయించండి. జవాబు రానివి కూడా అందులో ఉండనివ్వండి. జబ్బు పడ్డ తాత బాగుపడకుండానే పోతే, ఎందుకో మాకూ తెలియదు, అయినా దేవుణ్ని నమ్ముతున్నామని నిజమే చెప్పండి. దిద్దిన మాటలు చెబితే పెద్దయ్యాక వాళ్లు ఏ మాటా నమ్మరు.

అల్లరి చేస్తే దేవుడు కళ్లు పోగొడతాడని ఎన్నడూ బెదిరించకండి. ప్రార్థన వేళ తిట్లు, మార్కుల లెక్కలు వద్దు. ఆ పూట మీరే పిల్లవాడి మీద ఊరికే అరిచి ఉంటే, ముందు వాడిని క్షమాపణ అడిగి ఆ తర్వాతే కూర్చోండి. వాడు క్షమాపణ అంటే ఏమిటో అక్కడే చూస్తాడు.

ఇవ్వడం చేతితోనే నేర్పాలి. బియ్యం డబ్బా పక్కన చిన్న గిన్నె పెట్టండి. వంటకు బియ్యం తీసినప్పుడల్లా పిల్లల చేత ఒక పిడికెడు అందులో వేయించండి. ఆదివారం ఆ బియ్యాన్ని పిల్లలే మందిరంలో ఇవ్వాలి.

బతుకమ్మకో బోనాలకో దోస్తులు పిలిస్తే ఏం చేయాలని పిల్లలు అడుగుతారు. మనం ఎవరిని ఆరాధిస్తామో, ఎందుకో నిదానంగా చెప్పండి. పక్కింటివాళ్ల పండుగను ఎగతాళి చేయడం మాత్రం నేర్పకండి.

తల్లిదండ్రులు వలస పోయిన ఇండ్లలో ఈ పని అవ్వ చేయాలి. పౌలు శిష్యుడైన తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదేనని 2 తిమోతి 1:5 చెబుతుంది. అవ్వకు చదువు రాకపోతే మనవరాలు చదవాలి, అవ్వ వివరించాలి. గురుకులంలో ఉన్న పిల్లలకు మాత్రం కలవనిచ్చే ఆదివారం వెళ్లినప్పుడు, వచ్చే వారాలకు సరిపడా వచనాలు ఒక కాగితం మీద రాసి ఇచ్చిరండి. ఇంట్లో కూడా అవే చదవండి. ఫోన్ దొరికిన రోజు ముందు అన్నం తిన్నావా అని అడగండి, ఆ తర్వాతే వచనం.