కళాశాల క్వయరూ (గాయక బృందమూ) ఊరి చర్చి సంఘమూ కలిసి పాటల పండుగ జరుపుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కళాశాల విద్యార్థులూ చుట్టుపక్కల సంఘాలూ కలిసి క్రైస్తవ పాటల పండుగ జరపదలిస్తే, పందిరి మాట తరువాత, ముందు సాధన సంగతి చూడాలి. ఆరు వారాల ముందు నుంచి క్వయర్ పిల్లలు ప్రతి ఆదివారం సాయంత్రం ఒక్కో సంఘానికి వెళ్లి, అక్కడి పాట ఒకటి నేర్చుకుని, తమ పాట ఒకటి నేర్పి రావాలి. పోటీలూ బహుమతులూ పెట్టకపోవడమే మేలు. అవి పెడితే ఎవరి పాట వారు దాచుకుంటారు.

ధాన్యం ఇళ్లకు చేరి, క్రిస్మస్ కూడికలు ముగిసిన జనవరి నెల అనుకూలం. అక్టోబరు జోలికి పోవద్దు. 2018లో ఆ నెలలో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు.

పాటల్లో ఒక తెలుగు కీర్తన, ఒక ఒడియా పాట, ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల పాట ఒకటి తప్పక ఉండాలి. అమెరికా నల్లజాతి సంఘాల గాస్పెల్ పాటకు ప్రాణం ఒకరు ఎత్తుకోగా అందరూ అందుకోవడంలో ఉంది. మన భజన పద్ధతీ అదే కనుక ఆ పాటలు ఊరివారికి త్వరగా పట్టుబడతాయి.

అసలు చిక్కు లిపితో వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివిన పిల్లలకు తెలుగు పాటను ఒడియా అక్షరాల్లో అచ్చు వేసి ఇవ్వాలి. అయితే ఎ, ఏలకూ ఒ, ఓలకూ ఆ లిపిలో వేరువేరు అక్షరాలు లేవు. ‘నెల’, ‘నేల’ ఒకే తీరుగా కనిపించి, దీర్ఘం తీయవలసిన చోట పాట కుంటుతుంది. అందుకే దీర్ఘం ఉన్న ప్రతి చోటా అక్షరం మీద నల్ల సిరాతో ఒక గీత గీసి, ఆ తరువాతే జిరాక్సు తీయించాలి.

శ్రుతి విషయంలో గిటారు పిల్లలే తగ్గాలి, ఎందుకంటే ఊరి హార్మోనియం శ్రుతిని అప్పటికప్పుడు సవరించలేము, గిటారు తీగలను దానికి సరిపెట్టుకోవచ్చు. పల్లవిలోని పై స్వరం ముసలివారి గొంతుకు కూడా అందుతుందో లేదో సాధనలోనే చూసుకోవాలి.

మైకుకు ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి; 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదు. విద్యాసంస్థలు, ఆసుపత్రుల వంటి వాటి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలున్నందున, కళాశాల మైదానమైనా చర్చి ఆవరణైనా అలాంటి మండలంలో ఉందో లేదో అనుమతి అడిగేటప్పుడే తెలుసుకోవాలి.

ప్రేమ విందు (అందరూ కలిసి తినే సంఘ భోజనం) మధ్యాహ్నమే పెట్టి, వడ్డనలో విద్యార్థులనూ సంఘ యౌవనస్థులనూ జతలుగా నిలబెట్టాలి. కొండ మీది సవర గ్రామాల బృందాలకు విందుకు ముందే వంతు ఇవ్వాలి. వారి జీపులు చీకటి పడకముందే ఘాటీ ఎక్కాలి.