శ్రీలంకలో ఏ వేళకు ఎక్కడ ఉండాలి

శ్రీలంక యాత్రకు ప్రణాళిక వేసుకునేటప్పుడు దూరాలకన్నా వేళలను చూసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అక్కడి పేరున్న స్థలాలలో చాలావాటిని ఎండో, మంచో, పూజా సమయమో శాసిస్తుంది.

సిగిరియాను ఉదయం గేటు తెరవగానే ఎక్కాలి. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కోట కట్టుకున్న ఈ శిల చుట్టూ ఉన్న నేల నుంచి దాదాపు 180 మీటర్లు లేస్తుంది. సుమారు 1,200 మెట్లున్న ఆ దారిలో ఎండ ముదిరాక ఇనుప మెట్ల మీద జనం వెనుక నిలబడటం పెద్ద శిక్ష. మధ్యలో వచ్చే వర్ణచిత్రాలను ఫొటో తీయనివ్వరు. వాటిని దాటాక కనిపించే, ఒకప్పుడు అద్దంలా నునుపు చేసిన ‘అద్దపు గోడ’పై పూర్వపు సందర్శకులు గీసిన పద్యాలను దగ్గరగా చూడవచ్చు గాని తాకకూడదు. శిఖరానికి ఎక్కే మెట్ల దగ్గరున్న భారీ సింహపు పాదాల శిల్పాల వద్ద కందిరీగల గురించి హెచ్చరిక ఉంటుంది, అక్కడ నిజంగానే గొంతు తగ్గించాలి. సార్క్ అనే దక్షిణాసియా కూటమిలోని దేశాల వారికి, అంటే భారతీయులకూ, టికెట్ ధరలో తగ్గింపు ఉంది కనుక పాస్‌పోర్టును హోటల్ గదిలో వదిలి వెళ్లవద్దు.

అదే రోజు ఎండ తగ్గాక దంబుల్లా గుహాలయాలకు వెళ్లవచ్చు. చెప్పులు విడిచి నడవాల్సిన బండ మధ్యాహ్నం కాళ్లు కాలుస్తుంది, మేజోళ్లు వెంట ఉంటే మేలు. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి. బుద్ధుని విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడాన్ని అక్కడివారు అపచారంగా భావిస్తారు.

కొండల మీది జాతీయ ఉద్యానమైన హార్టన్ ప్లెయిన్స్‌కు మాత్రం తెల్లవారకముందే నువారా ఎలియా పట్టణం నుంచి బయలుదేరాలి. సుమారు 9 కిలోమీటర్ల కాలిబాటలో ముందుగా వరల్డ్స్ ఎండ్ అనే అగాధపు అంచుకే చేరుకోవాలి, ఎందుకంటే ఉదయం తొమ్మిది, పది దాటితే లోయను మబ్బు కప్పేసి తెల్లటి తెర తప్ప మరేమీ మిగలదు. అదే బాటలో ఉన్న జలపాతాన్ని తిరుగుదారిలో చూసుకోవచ్చు. ప్రవేశం దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు తీసేస్తారు కాబట్టి తినుబండారాలను డబ్బాలో సర్దుకోవాలి. స్వెటర్ తప్పదు.

బుద్ధుని దంతం ఉందని భక్తులు నమ్మే, కాండీలోని దంత ధాతు ఆలయానికి సాయంత్రపు పూజ వేళకు వెళ్తే మంచిది. భక్తులకు కనిపించేది ధాతువును దాచిన పేటికే గాని దంతం కాదు. ఆలయం ముందున్న ఎనిమిది పలకల మండపాన్ని కట్టించిన శ్రీ విక్రమ రాజసింహుడు తెలుగు మూలాలున్న నాయక వంశీకుడు, 1815లో బ్రిటిష్ వారు గద్దె దించిన కాండీ చివరి రాజు. పోయా అని పిలిచే పౌర్ణమి రోజున దేశమంతటా సెలవు, ఆలయాలు కిటకిటలాడతాయి; అందుచేత రైలు టికెట్లు తీసుకునే ముందే పంచాంగంలో పౌర్ణమి ఎప్పుడో చూసుకోవాలి.